ఇనప టాపా, గుడ్డ టాపా?

వల్లూరుపాడు కూరగాయల మార్కెట్టు మీది రేకుల కప్పు కిందటి వేసవి గాలివానకు లేచిపోయింది. లేచి ఏ పొలాల్లోనో పడలేదు. తిన్నగా రోడ్డు దాటి, పురపాలక సంఘం ఆఫీసు ప్రహరీ దాటి, వెనక పెరట్లో దిగింది. మార్కెట్టు నుంచి బయలుదేరిన ఒక అర్జీ ఎవరి చెయ్యీ తడపకుండా ఆఫీసు లోపలికి చేరడం ఆ ఊళ్ళో అదే మొదలు.

మాజేటి పాండురంగయ్య ఆ మార్కెట్టులో ఉల్లిపాయల టోకు వర్తకుడు. వర్తక సంఘానికి అధ్యక్షుడు కూడా. లోకంలో దేన్నయినా కాటా మీద పెట్టి, తరుగు తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకోవడం ఆయన పద్ధతి. బస్తాకు ఎండ తరుగు ఇంత, ఎలుక తరుగు ఇంత. మనుషుల మాటలకూ అంతే. బావమరిది మాటలో సగం తరుగు. నాయకుడి మాటలో తరుగు పోగా గోనెసంచి మిగులుతుంది. ఆఫీసరు మాటకైతే ఆ సంచి కూడా మనమే తీసుకెళ్ళాలి.

ఉల్లిపాయ ఎండను ఓర్చుకుంటుంది, దెబ్బలను ఓర్చుకుంటుంది. తడిని మాత్రం ఓర్చుకోదు. కిందటి వానాకాలం ఆయన సరుకు సగం కుళ్ళి, ఆ కంపుకు తక్కిన కొట్ల బేరం కూడా చెడింది. ఈసారి తొలకరి లోపల కప్పు పడకపోతే టోకు సరుకు వల్లూరుపాడులో దించబోమని లారీల వాళ్ళు చెప్పేశారు. టోకు సరుకు దిగకపోతే చిల్లర కొట్లు లేవు. చిల్లర కొట్లు లేకపోతే గేటు పక్కన చింతచిగురు, గోంగూర పెట్టుకుని కూర్చునే ఆదెమ్మ దాకా అందరూ గంపలు ఎత్తుకోవాల్సిందే.

"ఏం సెట్టిగారా, కప్పు ఈ జన్మకా, వచ్చే జన్మకా?" అని ఆదెమ్మ రోజూ పొద్దున్నే అడిగేది. తల మీద తడిగుడ్డ, గోంగూర మీద తడిగోనె. రెంటిలో ఏది ముందు వాడుతుందో చెప్పలేని ఎండ.

పాండురంగయ్య మొదట తేలిక దారి చూశాడు. ఆఫీసుకు వెళ్ళి ఆడిట్ అధికారి తిరువెంగళం గారికి నమస్కారం పెట్టాడు.

"రేకులు మావి గదండీ. గాలికొచ్చి మీ పెరట్లో పడ్డాయి. రెండు ట్రాక్టర్లు పెట్టుకుని తోలుకుపోతాం."

"మీవే అనడానికి ఆధారం?"

"కప్పు పోయిన మార్కెట్టు ఎదురుగా కనపడతానే ఉంది గదండీ."

"మీకు కప్పు లేకపోవడం, ఈ కప్పు మీదే అనడానికి ఆధారం కాదు. కప్పు లేనివారు దేశంలో కోట్లమంది ఉన్నారు. అందరూ వచ్చి అడిగితే ఈ కార్యాలయం ఎవరికని ఇవ్వగలదు?"

"పోనీ వేలం వేయండి. మేమే పాడుకుంటాం."

తిరువెంగళం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. నిబంధన చెప్పేముందు ఆయనకు అది అలవాటు.

"వేలానికి లాటు ఉండాలి. ఒకే జాతి వస్తువులు ఒకటికి మించి ఉంటేనే లాటు. విరిగిన కుర్చీలు ఒక లాటు. తిరగని పంకాలు ఒక లాటు. మీ రేకులు 'పైకప్పు, ఒకటి' అని స్టాకులో ఎక్కాయి. ఒకటి లాటు కాదు. రెండో పైకప్పు నిరుపయోగమై ఈ పెరట్లోకి వచ్చిననాడు వేలం వేయడానికి మాకేమీ అభ్యంతరం లేదు."

"రెండో కప్పు యాడినుంచి వస్తదండీ?"

"ఇంకో గాలివాన రావచ్చు" అన్నారాయన, ప్రజల పట్ల నిండు సానుభూతితో.

ఇక మిగిలింది కొత్త కప్పు. దాని అంచనా ఇంజనీరు గంగరాజు బల్ల మీద ఉంది. నిధులు 'పైకప్పులు' అనే పద్దులో ఉన్నాయి. కమిషనర్ చిద్విలాస్ గారి సంతకం ఒక్కటే కావాలి. ఆ సంతకం కోసం పాండురంగయ్య వెళ్ళినప్పుడల్లా కమిషనర్ గారు శిక్షణకు వెళ్ళి ఉండేవారు. చివరికి ఆయన తిరిగి వచ్చారు. వస్తూ ఒక సిద్ధాంతం వెంట తెచ్చారు.

సిద్ధాంతం పేరు 'కనిపించే పాలన'. అధికారి ప్రజలకు కనిపించాలి. కార్లో కూర్చున్న అధికారి కనిపించడు. ఎందుకంటే కారుకు టాపు ఉంటుంది. కాబట్టి ప్రజలకూ పాలనకూ మధ్య అడ్డుగా ఉన్నది అవినీతి కాదు, ఆలస్యం కాదు, కారు టాపు. ఈ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమని పైనుంచి వచ్చిన ఉత్తర్వులో కూడా రాశారు. ఇకమీదట పురపాలక కమిషనర్లు దైనందిన ప్రయాణాలన్నీ టాపు తెరిచిన వాహనంలోనే చేయాలి. పేషీ జీపు వెంటనే రద్దు.

టాపు తెరుచుకునే కార్లు ఆ జిల్లాలో ఎవరూ చూసినవి కావు. ఎంపిక కోసం ఒక కమిటీ వేశారు. కమిషనర్ గారు అధ్యక్షులు. ఇంజనీరు, ఆడిట్ అధికారి సభ్యులు. నాలుగో సభ్యుడిగా పాండురంగయ్యకు కాగితం వచ్చింది. అందులో ఆయన హోదా ఇలా రాసి ఉంది: 'పైకప్పు లేకుండా దైనందిన కార్యకలాపాలు నిర్వహించుటలో అనుభవజ్ఞుడైన పౌరుడు.'

మొదటి సమావేశంలో టీ వచ్చింది, జీడిపప్పు వచ్చింది. పాండురంగయ్య జీడిపప్పు ముట్టుకోలేదు. ఊరికే వచ్చినదాని ఖరీదు ఎక్కువని ఆయనకు తెలుసు.

"కారు సంగతి బానే ఉందండీ. డబ్బు యాడిది?" అని అడిగాడు.

ఇంజనీరు గంగరాజు హుషారుగా ముందుకు వంగాడు. "అదే నేను కనిపెట్టిన మార్గం. 'పైకప్పులు' పద్దు కింద మూడు పనులు చేయొచ్చు. ఏర్పాటు, మరమ్మతు, తొలగింపు. మీ మార్కెట్టుది ఏర్పాటు. సార్ కారుది తొలగింపు."

"రెండూ ఒక పద్దేనా?"

"ఒకటే. ఉన్న నిధి ఒకదానికే సరిపోతుంది."

"అయితే మా కప్పు?"

కమిషనర్ గారు చేతులు రెండూ గాలిలో గోపురంలా కలిపారు. "పాండురంగయ్య గారూ, మీరు చిన్నగా ఆలోచిస్తున్నారు. మీ మార్కెట్టును నేను లోపంగా చూడటం లేదు. మార్గదర్శిగా చూస్తున్నాను. మేము ఈరోజు ప్రారంభిస్తున్న బహిరంగతను మీరు ఏడాది ముందే సాధించారు. మీది రాష్ట్రంలో ప్రథమ కప్పు రహిత ఆదర్శ మార్కెట్టుగా ప్రకటించాలని పైకి రాస్తున్నాను. బోర్డు కూడా పెట్టిస్తాం."

"బోర్డు ఎంత పెద్దదండీ? కింద నలుగురు నిలబడొచ్చా?"

దీన్ని మినిట్స్‌లో 'సభ్యుడు హర్షం వ్యక్తం చేశారు' అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం కాటా ముందు కూర్చుని పాండురంగయ్య లెక్క వేసుకున్నాడు. కొత్త కప్పు పోయింది, అందులో తరుగు తీయడానికి కూడా ఏమీ మిగల్లేదు. పాత కప్పు పెరట్లో ఉంది, దానికి తోడు దొరికితే గాని బయటికి రాదు. తోడు ఎక్కడుంది? కమిటీలో కూర్చున్నవాడికి కారు ఇవ్వరు గాని, ఏ కారో చెప్పే హక్కు ఇచ్చారు. కారుకు టాపు ఉంటుంది. ఆ టాపు వాడటానికి వీల్లేదని ఉత్తర్వు ఉంది. వాడనిది ఆఫీసులో ఏమవుతుందో చెప్పగలవాడు తిరువెంగళం గారు.

పాండురంగయ్య చాలాకాలానికి సొంత డబ్బుతో జీడిపప్పు కొనుక్కుని తిన్నాడు.

వారం తిరక్కుండా రెండు కార్లు పట్నం నుంచి పరీక్షకు వచ్చాయి.

ఒకటి ఎర్రగా, కురచగా, పేడపురుగు రెక్కలు విప్పినట్టు ఉంది. టాపు నల్లని గుడ్డది. వెనక్కి తోస్తే ముడుచుకుని సీటు వెనక పడుకుంటుంది. సీట్లు రెండే. రెండోది తెల్లగా, పొడుగ్గా ఉంది. టాపు ఇనుముది, వెనక పెద్ద అద్దంతో సహా. మీట నొక్కితే మూలుగుతూ లేచి, మడతలు పడి, డిక్కీలోకి దిగుతుంది. సీట్లు నాలుగు, అందులో వెనకవి రెండూ కాళ్ళు లేనివాళ్ళ కోసం చేసినవి.

దైనందిన వినియోగానికి ఏది యోగ్యమో తేల్చాలి. కమిషనర్ గారి దైనందినం క్వార్టరు నుంచి ఆఫీసుకు, మధ్యలో మార్కెట్టు వీధి. నడిస్తే వక్క నమిలేలోపు చేరొచ్చు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, అది కమిటీ పరిధిలో లేదు.

ముందు ఎర్ర కారు. ప్రోటోకాల్ ప్రకారం కమిషనర్ గారు వెనక ఎడమ పక్క కూర్చోవాలి. కారుకు వెనక లేదు. ముందు కూర్చుంటే డ్రైవరు మస్తానూ ఆయనా ఒకే వరసలో ఉంటారు. మస్తాను ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని వచ్చాడు.

కారు మార్కెట్టు వీధిలోకి తిరిగేసరికి జనం గుమిగూడారు. ఒకాయన పరుగున వచ్చి మస్తానుకు అర్జీ ఇచ్చి దండం పెట్టాడు. ఇంకెవరో కారు ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆదెమ్మ గంప దగ్గరినుంచి లేచి తొంగి చూసింది.

"ఊరేగింపు బానే ఉంది గాని, పెళ్ళికొడుకు ఏడీ?"

"ఆయన కమిషనర్ గారు" అన్నాడు పాండురంగయ్య మెల్లగా.

"ఈయనా! ఎండలో ఎర్రబడి టమాటా అయిపోయాడే. పాపం, ఈయనకూ కప్పు ఎగిరిపోయిందా?"

కమిషనర్ గారు చెయ్యి ఊపారు. ప్రజలతో నేరుగా అనుసంధానమవడం అంటే అదేనని గంగరాజు రాసుకున్నాడు. వీధి మధ్య గతుకు దగ్గర ఎర్ర కారు పొట్ట రాయికి ఆని ఆగిపోయింది. నలుగురు హమాలీలు కమిషనర్ గారితో సహా దాన్ని ఎత్తి అవతల పెట్టారు. ఎత్తేటప్పుడు ఉల్లి బస్తాకు వేసే కేకే వేశారు.

తర్వాత తెల్ల కారు. ఇందులో కమిషనర్ గారు వెనక ఎడమ పక్కే కూర్చున్నారు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఫైళ్ళు డిక్కీలో పెడదామంటే అక్కడ టాపు పడుకుని ఉంది. ఫైళ్ళు పెట్టాలంటే టాపు మూయాలి, టాపు మూస్తే పాలన కనిపించదు. పాలన కనిపించాలంటే ఫైళ్ళు ఉండకూడదు. ఒళ్ళో పెట్టుకుంటే మార్కెట్టు మలుపులో గాలికి లేచాయి. ఇంటి పన్ను ఫైలు బెండకాయల కుప్ప మీదా, మురుగు కాలువ ఫైలు మురుగు కాలువలోనూ పడ్డాయి. ఆ రెండో ఫైలు ఆ కాలువను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు నిర్ణయ సమావేశం జరిగింది.

"నా మొగ్గు గుడ్డ టాపు వైపు" అన్నారు కమిషనర్ గారు. "అందులో ఒక వినమ్రత ఉంది. చేతితో తెరిచే టాపు. పాలకుడు స్వహస్తాలతో తనకూ ప్రజలకూ మధ్య తెర తొలగించడం అనే ప్రతీకాత్మకతను మనం విస్మరించరాదు. పైగా మోకాళ్ళు."

గంగరాజు వెంటనే వినమ్రత వైపు మొగ్గాడు. పాండురంగయ్య లెక్క తిరగేసుకున్నాడు. గుడ్డ టాపు అయితే రేపు అది పాత జెండాల, చిరిగిన పరదాల లాటులోకి పోతుంది. రేకులు పెరట్లోనే ఉంటాయి, తొలకరి మార్కెట్టులో ఉంటుంది.

"వెంగళం గారూ" అన్నాడు. "స్టాకు ఎక్కించేటప్పుడు గుడ్డది ఏ పద్దులో ఎక్కుతదండీ?"

"గుడ్డ వస్తువు వస్త్ర సామగ్రిలోకి వస్తుంది."

"పైకప్పుల్లోకి రాదా?"

"పైకప్పు అంటే స్థిరమైన పదార్థంతో నిర్మితమై ఉండాలి. గొడుగును మేము పైకప్పుగా అంగీకరించం."

"అయితే పైకప్పుల పద్దులోనుంచి డబ్బు తీసి గుడ్డ కొన్నట్టవుద్ది గదండీ?"

తిరువెంగళం గారు కళ్ళజోడు తీశారు. కమిషనర్ గారి ముఖంలో వినమ్రత తగ్గింది.

"వాస్తవమే" అన్నారు తిరువెంగళం గారు తుడుస్తూ. "పైకప్పు తొలగింపు పద్దు కింద తొలగించవలసినది పైకప్పే కావాలి. గుడ్డ తొలగిస్తే అది నిధుల మళ్ళింపు. రికవరీ, సంతకం పెట్టిన అధికారి జీతం నుంచి."

ఇనప టాపు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మోకాళ్ళ విషయం భవిష్యత్తులో పరిశీలించాలని తీర్మానించారు.

అసలు పాలన అప్పుడు మొదలైంది. కమిషనర్ గారు టోపీ పెట్టుకున్నారు. టోపీ పైకప్పు కిందికి వస్తుందా అని ఒక కౌన్సిలరు అడిగాడు. వివరణ కోరుతూ పైకి రాస్తే, జవాబు వచ్చేదాకా టోపీ తీసి ఉంచమన్నారు. ఫైళ్ళు ఎగరకుండా అటెండరు యేసోబును డిక్కీ మూత మీద, ఫైళ్ళ కట్టలపై కూర్చోబెట్టారు. అతని హోదా 'సంచార దస్త్రాల భారాధికారి'గా మారింది, జీతం మారలేదు. దారిలో జనం అర్జీలు విసిరేవాళ్ళు. అర్జీలతోపాటు మేక ఒకసారి వచ్చిపడింది. ప్రజల అర్జీలు నేరుగా అందుతున్నాయని నివేదికలో రాశారు గాని, మేక సంగతి రాయలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో కారు అద్దెకిస్తారా అని ఆఫీసుకు ముగ్గురు నలుగురు వచ్చి వెళ్ళారు.

ఒక మధ్యాహ్నం ఎండ తాళలేక కమిషనర్ గారు టాపు మీట నొక్కారు. టాపు సగం లేచేసరికి వీధిలో ఎవరో ఫోటో తీశారు. 'మూసుకుంటున్న పాలన' అని పేపర్లో పడింది. ఆ సాయంత్రమే మీట మీద లక్క పోసి సీలు వేశారు.

పాండురంగయ్య ఆ సీలు కోసమే ఎదురుచూస్తున్నాడు. తిరువెంగళం గారిని కలిసి, కుశలప్రశ్నలు అయ్యాక, ఊరికే అన్నట్టు అడిగాడు.

"సీలేసిన టాపు ఇంకా వాడకంలో ఉన్నట్టేనాండీ?"

మర్నాడు ఆడిట్ అభ్యంతరం వెలువడింది. 'ప్రజాధనంతో సేకరించిన పైకప్పు ఒకటి, వాహనం డిక్కీ యందు నిరుపయోగముగా ఉంచబడి, దస్త్రములకు కేటాయించిన స్థలమును ఆక్రమించుచున్నట్లు గమనించడమైనది. తక్షణమే తొలగించి నిరుపయోగ సామగ్రి యందు జమ చేయవలెను.'

పురపాలక వర్క్‌షాపులో గ్యాసు కట్టరు పెట్టి టాపు కోశారు. యేసోబు డిక్కీ మూత మీదినుంచి దిగి డిక్కీలో కూర్చున్నాడు. పదోన్నతి అనుకున్నాడు. అద్దంతో సహా తెల్లటి టాపు వెనక పెరట్లో, మార్కెట్టు రేకుల పక్కన చేరింది. స్టాకులో 'పైకప్పులు, రెండు' అని ఎక్కింది.

లాటు అయింది.

వేలానికి పాండురంగయ్య తప్ప ఎవరూ రాలేదు. పాత ఇనుము వాళ్ళు ముందే ఆయన కొట్లో టీ తాగి వెళ్ళారు. ఆ రాత్రే సరుకు మార్కెట్టు చేరింది. హమాలీలు, మోపుల వాళ్ళు, ఆకుకూరల వాళ్ళు అందరూ చెయ్యి వేశారు. తెల్లారేసరికి రేకులు పాత దూలాల మీద పాత చోటే కూర్చున్నాయి. మిగిలిన తెల్ల టాపును ఏం చేయాలో పాండురంగయ్య ముందే లెక్క కట్టి ఉంచాడు. గేటు పక్కన రేకులు అందని మూల ఒకటి ఉంది. నాలుగు వాసాలు పాతి, టాపును ఆదెమ్మ గంపల మీద నిలబెట్టారు.

ఆదెమ్మ వెనక అద్దం కొంగుతో తుడిచి చూసింది. "కిటికీ కూడా ఇచ్చారే! మా ఇంటికి కూడా లేదు."

మూడో రోజుకు నోటీసు వచ్చింది. 'ఆదర్శ కప్పు రహిత మార్కెట్టు యందు అనుమతి లేకుండా కప్పు అమర్చి, ప్రభుత్వమునకు పంపబడిన ప్రతిపాదనకు విఘాతం కలిగించినందున, వెంటనే తొలగించవలెను. తప్పినచో పురపాలక సంఘమే తొలగించును.' దానితోపాటు గంగరాజు మాటగా ఇంకో కబురు చెప్పాడు. కప్పు రహిత మార్కెట్టు సాధించినందుకు సార్‌కు చేసే సన్మానానికి పైనుంచి పెద్దలు వస్తున్నారు, బోర్డు రాయించేశారు, కప్పు ఉంటే సార్‌కు అవమానం.

పాండురంగయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు. సరుకు లారీలు అప్పటికే బయలుదేరాయి. రేకులు కొన్నాడు, నిలబెట్టాడు, ఇప్పుడు కూల్చే ఖర్చు కూడా తన మీదే వేస్తారు. ఆ ఆఫీసుతో తాను చేసిన బేరాల్లో కాటా ఎటు మొగ్గినా తరుగు తన వైపే ఎందుకు పడుతుందో ఆయనకు అంతుపట్టలేదు.

కూల్చడానికి గడువు పెట్టిన రోజు పొద్దున ఉల్లి లారీలు దిగుతున్నాయి. కమిషనర్ గారు స్వయంగా పర్యవేక్షించడానికి తెల్ల కారులో బయలుదేరారు. పక్కన గంగరాజు, డిక్కీలో యేసోబు. ఆఫీసు గేటు దాటేటప్పుడు ఆకాశం మూల నల్లగా ఉంది. మార్కెట్టు వీధి మలుపుకు వచ్చేసరికి మూల కాదు, ఆకాశమంతా నల్లబడింది. తొలకరి ఒక్కసారిగా విరుచుకుపడింది.

మస్తాను ఎవరినీ అడగలేదు. స్టీరింగు తిప్పి కారును తిన్నగా మార్కెట్టు లోపలికి, రేకుల కిందికి తోలాడు. కారు నిండా నీళ్ళు. కమిషనర్ గారి ఒళ్ళో నోటీసు పేస్టులా అయింది.

రేకుల మీద వాన చప్పుడుకు అరిస్తే గాని ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. పాండురంగయ్య బస్తాల మీదినుంచి దిగి కారు దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు.

"సార్, గడువు ఇయ్యాల్టితో ఐపోయింది గదా. మావాళ్ళు నిచ్చెన తెచ్చారు. మీ ఉత్తర్వు దాటే మనుషులం కాము. ఒరే వీరాంజనేయులూ, ఎక్కరా పైకి. సార్ కారు మీదున్న రేకుల కాడినుంచి మొదలెట్టు."

వీరాంజనేయులు అనే హమాలీ అప్పటికే దూలం మీద ఉన్నాడు. మొదటి రేకు కిర్రుమని లేచింది. నీళ్ళు ధారగా గంగరాజు నడినెత్తిన పడ్డాయి.

"సార్, దీన్ని కాస్త వాయిదా..." అన్నాడు గంగరాజు ఊపిరాడక.

"తొలగింపు అనేది విధానపరమైన నిర్ణయం" అన్నారు కమిషనర్ గారు, ముఖం మీద నీళ్ళు తుడుచుకుంటూ. "వ్యక్తిగత అసౌకర్యం కారణంగా..."

"రెండోది ఎత్తరా" అన్నాడు పాండురంగయ్య.

రెండో రేకు సరిగ్గా కమిషనర్ గారి నెత్తి మీదిది. విధానం గొంతు దాకా వచ్చి, నీళ్ళతో లోపలికి పోయింది.

"ఆపండి!" అని ఆయన అరిచారు. మార్కెట్టు ఆయన నోట విన్న మొదటి అచ్చ తెలుగు మాట అదే.

"ఆపమంటే నోటిమాట మీద ఎట్టా ఆపేదండీ? రేపు వెంగళం గారు అడుగుతారు. కాగితం కావాలి."

యేసోబు డిక్కీలోనుంచి, తను కూర్చోవడం వల్ల తడవకుండా మిగిలిన ఒక కాగితం తీసి ఇచ్చాడు. గంగరాజు రాశాడు. 'ప్రజాప్రయోజనం దృష్ట్యా మార్కెట్టు కప్పు యథాతథముగా కొనసాగించుటకు అనుమతించడమైనది.' పాండురంగయ్య 'శాశ్వతముగా' అనే మాట కూడా చేర్చమన్నాడు. కమిషనర్ గారు పైకి చూశారు. వీరాంజనేయులు మూడో రేకు మేకు మీద చెయ్యి వేసి ఓపిగ్గా చూస్తున్నాడు. మాట చేరింది. సంతకం పడింది. రేకులు రెండూ తిరిగి కూర్చున్నాయి.

వాన ఎడతెగలేదు. జిల్లా సమీక్షకు వేళ మించిపోతున్నదని గంగరాజు గుర్తు చేశాడు. కమిషనర్ గారు కారు దిగి, గేటు పక్కన తెల్లగా మెరుస్తున్న దాన్ని చాలాసేపు చూశారు.

"అది..."

"మీదేనండీ. లాటులో వచ్చింది."

"దాన్ని తిరిగి సేకరించే అవకాశం..." ఆయన గొంతు తగ్గింది. "ధర విషయం మనం చర్చించుకోవచ్చు."

పాండురంగయ్య వర్తకుడు. ధర అనే మాట వింటే చెవి దానంతటదే అటు తిరుగుతుంది. ఆ ఇనుముకు ఈ పూట ఎంత పలుకుతుందో ఆయనకు తెలుసు. ఎదుటివాడు తడిసి ఉన్నప్పుడు కప్పుకు మించిన సరుకు లేదు. ఆయన నోరు తెరిచాడు. తెరిచి, అటు చూశాడు.

టాపు కింద ఆదెమ్మ గోంగూర కట్టలు సర్దుకుంటున్నది. ఒక్క ఆకు తడవలేదు.

"ఆమె కొట్టు అది. ఆమెనే అడగండి" అన్నాడు.

కమిషనర్ గారు అడగలేదు. ఆదెమ్మ అడగకుండానే జవాబు చెప్పింది.

"ఇది తీస్తే నేను కనపడతాను గానీ బాబూ, నా గోంగూర బతకదు. మీకైతే కనపడటమే పని గదా, పోయిరండి."

కారు మళ్ళీ వానలోకి వెళ్ళింది. వెనక ఎడమ పక్క మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కమిషనర్ గారు, డిక్కీలో ఫైళ్ళ మీద కప్పలా యేసోబు. జనం ఎవరూ అర్జీలు విసరలేదు, వానకు చూరుల కింద నిలబడి ఊరికే చూశారు. పాలన ఆ రోజు కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించలేదు.

ఆదెమ్మ కొంగుతో వెనక అద్దం మీది ఆవిరి తుడిచి, కారు మలుపు తిరిగేదాకా అందులోనుంచి చూసింది. తర్వాత ఒక గోంగూర కట్ట తీసి పాండురంగయ్య ఉల్లి బస్తా మీద పెట్టింది.

"తీసుకోండి సెట్టిగారా. తరుగు తీయబాకండి."